జిప్పు నోటి చేప

"టైలరక్క పోయింది" అని మా తోడికోడలు ఫోనులో చెప్తే, నేను "యాడికి?" అని అడిగినాను.

"యాడికేందక్కా, చచ్చిపోయింది" అని మెల్లగా చెప్పింది.

అప్పుడు కూర్చున్నాను. అట్లా అడగడం నా తప్పు కాదు. జమ్మలమడుగులో మేమున్నన్నాళ్ళూ "టైలరక్క పోయింది" అనే మాట వినని వారం లేదు. ప్రొద్దుటూరికి పోయింది, ఆస్పత్రికి పోయింది, చెల్లెలి కాన్పుకు పోయింది. గుడ్డలిచ్చినవాళ్ళు వచ్చి అడిగితే ఇరుగుపొరుగు చెప్పే జవాబులు అవి. నిజానికి ఆమె యాడికీ పోయేది కాదు. పక్కింటి వెనక వరండాలో కూర్చుని వాళ్ళ చింతపండులో గింజలు తీసిపెడుతూ ఉండేది.

మాది ఫ్యాన్సీ అంగడి. జిప్పులు, హుక్కులు, లేసులు, దారపు రీళ్ళు, బొట్టుబిళ్ళలు. రోడ్డుకు ఆ పక్కన ఒక చిన్న రూములో ఆమె కుట్టుమిషను. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు నలభై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒక అల్లరి పని చేసి వచ్చిన మొగంతో ఉండేది. మెడలో టేపు. ఆ టేపు ఆమె ఒంట్లో భాగం. ఒకసారి చర్చిలో ప్రభురాత్రి భోజనం తీసుకునేదానికి టేపుతోనే పోయి మోకరించింది. పాస్టరయ్యగారు ప్రార్థన ఆపి దాని వైపే చూస్తున్నాడని తెలిసినాక, తీసి నడుముకు చుట్టుకుని మళ్ళీ కండ్లు మూసుకుందట.

ఆమె మొగుడు మంగంపేట గనుల్లో లారీ తోలేవాడు. నెలకొకసారి వచ్చేవాడు. ఆ దినం అంగడి మూసి, తలుపు మీద సుద్దముక్కతో "ఈ పొద్దు కుట్టను" అని రాసేది. ఏడాది పొడుగునా గిరాకీలకు ఆమె చెప్పిన మాటల్లో నూటికి నూరుపాళ్ళు నిజమైనది అదే.

మిగతా దినాల్లో ఆమె చెప్పే మాట "రేపు." అడిగినవాళ్ళందరికీ రేపే. నేను ఒకసారి అడిగినాను. "అక్కా, ఆదివారం చర్చిలో పిల్లోళ్ళకు అబద్ధమాడగూడదని చెప్తావు. సోమవారం నుంచి అందరికీ రేపు రేపంటావు. ఇదెట్ల కుదురుతాది?"

ఆమె పెడలు ఆపకుండానే, "రేపు అంటే అబద్ధం కాదు శెట్టెమ్మా. విశ్వాసం" అనింది.

శానా మొండి గిరాకీ దూరంగా కనిపిస్తే ఇంకో ఉపాయం ఉండేది. గబగబా గుండుసూదులు నాలుగు పెదవుల మధ్య పెట్టుకునేది. నోట్లో సూదులున్న మనిషిని గట్టిగా నిలదీసేదానికి ఎవరికైనా భయమే. "ఏమ్మే, నా జాకెట్టు అయ్యిందా?" అంటే "ఊఁ" అనేది. "ఇంగా కాలేదా?" అంటే దానికీ "ఊఁ"నే. ఆ ఊఁకు ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకుని పోయేవాళ్ళు.

బైబిలును కూడా ఆమె కత్తెర పట్టుకునే చదివిందేమో అనిపించేది నాకు. "లోకంలో మొట్టమొదట మనుషులు నేర్చిన పని ఏందో తెల్సా? కుట్టుపని. ఆదాము, హవ్వ అంజూరపాకులు కుట్టుకున్నారు. దేవుడు చూసినాడు. ఫిటింగు బాగలేదు. తానే కూర్చుని చర్మపు చొక్కాలు చేసి తొడిగినాడు. అదీ అడిగిన దినమే ఇచ్చినాడు చూడు, నా మాదిరి కాదు" అనేది. తాటిచెట్టంత గొల్యాతు కథ చెప్పేటప్పుడు పిల్లోళ్ళు ముందుగా అడిగేది వాడి ప్యాంటుకు ఎంత గుడ్డ పడుతుందని. ఆమె టేపు తీసి గోడ మీద కొలిచి, గుర్తుపెట్టి చూపించేది. నేను కోమట్ల ఇంటి కోడల్ని. మా ఇంట్లో ఆ కథలు ఎవరికీ తెలియవు. మధ్యాహ్నం మా అత్త కునుకు తీసే వేళ ఆమె మిషను పక్కన కూర్చుని అవన్నీ విన్నాను. ఆదివారం పిల్లోళ్ళకు చెప్పబోయే కథను ముందుగా నామీద చెప్పి చూసుకునేది. నేను ఆవులిస్తే ఆ ముక్క తీసేసేది.

ఎండాకాలం సెలవుల్లో వాళ్ళ చర్చిలో పిల్లోళ్ళకు బైబిలు బడి పెడతారు. పొద్దున పూట పాటలు, కథలు, చివర ఒక చేతిపని. ఆ చేతిపని భారం ఎప్పుడూ ఆమెదే. ఒక ఏడు యోసేపు రంగుల అంగీ చేయించింది. అట్టముక్క మీద మనిషి బొమ్మ గీసి, దానికి గిరాకీల గుడ్డల్లో మిగిలిన ముక్కలు అంటించింది. ఊర్లో ఎవరెవరు ఏ రంగు జాకెట్లు కుట్టించుకున్నారో పిల్లోళ్ళ చేతుల్లో బయటపడిపోయింది. మా అత్త నాకు తెలియకుండా కుట్టించుకున్న నెమలిరంగు పట్టు, మా వీధిలో ఒక పాప పట్టుకుపోతాన్న యోసేపు భుజం మీద తళుక్కుమనింది. నేను చూసినాను. మా అత్త నేను చూడడం చూసింది. ఆ వారం నాకు కూడా ఒక పట్టు జాకెట్టు వచ్చింది.

మరుసటేడు చేప మింగిన యోనా కథ. ఆ ఏడు ఆమె చేసిన ఆలోచనకు ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. స్కూలు ప్యాంట్లు కుట్టగా మిగిలిన బూడిదరంగు గుడ్డతో చేపలు. కండ్లకు జత కుదరని గుండీలు. నోటికి జిప్పు. జిప్పు లాగితే కడుపులో గుడ్డపేలికతో చుట్టిన బొటనవేలంత యోనా, నల్లదారపు గడ్డంతో. జిప్పులు మా అంగడివే. ఎండకు బిగుసుకుపోయి, పారేసేదానికని మా మామ మూలన పెట్టినవి. ఆమె వాటి పండ్లకు కొవ్వొత్తి రుద్దింది. వెన్న మాదిరి జారినాయి.

ఇంగ ఆమె పని చూడాల. ఒక జాకెట్టు, ఒక చేప. ఒక లంగా, రెండు చేపలు. గిరాకీల మూటల మీద చేపలు, కింద చేపలు, ట్రయలు కోసం మూలన కట్టిన పరదా కొక్కేనికి చేపలు. నేను మధ్యాహ్నాలు పోయి యోనాలకు గడ్డాలు పెట్టేదాన్ని.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఆమె లేచి, వీధి అటూ ఇటూ చూసి వచ్చి, "శెట్టెమ్మా, నీకొకటి చూపిస్తా. మొగం మాత్రం మార్చగాకు" అనింది.

చూపించింది. నేను మొగం మార్చకుండా ఉండలేకపోయినాను.

అది రెడ్డెమ్మ కూతురి నిశ్చితార్థం జాకెట్టు. ధర్మవరం పట్టు, కుంకుమ రంగు. చీరతో కలిసి వచ్చిన ముక్కలోనే కుట్టింది. అంతా అయిపోయింది, హుక్కులు కూడా వేసింది. కానీ ఎడమచేతి మీద శనగగింజంత బొక్క. కరెంటు పోతే బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసింది. ఒక చేపకు కన్ను సరిగ్గా వచ్చిందా లేదా అని తల తిప్పి చూసింది. అంతలో నిప్పురవ్వ ఎగిరి పడింది.

రెడ్డెమ్మ అంటే మా వీధి వణికేది. పెద్ద సేద్యం, లారీలు, ఇంట్లో ఎప్పుడూ పదిమంది మనుషులు. ఆమె ఎవరి అంగట్లోనూ అడుగు పెట్టేది కాదు. సుమో వచ్చి ఆగి హారను కొడితే అంగడివాళ్ళే బయటికి పరిగెత్తాల. పైగా టైలరక్క మిషను పెట్టుకున్న రూము కూడా వాళ్ళదే. నిశ్చితార్థం ఎల్లుండి.

"ఆమెకు చెప్పినావా?" అన్నాను.

"రేపు రేపని చెప్తాండా."

"మరి ఏం చేస్తావక్కా?"

"ప్రార్థన చేస్తాండా."

"ఏమని?"

"రెడ్డెమ్మకు జ్వరం రావాలని." నా చూపు చూసి, "తప్పని నాకూ తెల్సు. అందుకే చిన్న జ్వరమే అడిగినా" అనింది.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే సుమో ఆగిన చప్పుడు. హారను కోసం ఎదురుచూసినాము. హారను మోగలేదు. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. టైలరక్క గుండుసూదుల డబ్బా వైపు చెయ్యి చాచింది, ఏమనుకుందో వదిలేసింది, చేతిలో చేప చేతిలో ఉన్నట్లే పరదా వెనక్కి పోయింది.

రెడ్డెమ్మ లోపలికి వచ్చింది. ఆ రూములోకి ఆమె రావడం అదే మొదలు. జ్వరం జాడలు ఏమీ లేవు.

"యాడ పోయింది?"

"ఈడే ఉండాది..." అన్నాను. పరదా కొంచెం కదిలింది. "అంటే, ఈడే యాడో."

"సరే. నేను కూర్చుంటా. ఈ పొద్దు జాకెట్టు తీసుకోకుండా లేచేది లేదు" అని స్టూలు మీద కూర్చుంది. కరెంటు లేదు. ఆమె కొంగుతో విసురుకుంటా ఉంది. నేను యోనా గడ్డాలు తడుముకుంటా ఉన్నాను. కాసేపటికి ఆమెకు విసుగొచ్చి పక్కనున్న చేపను ఎత్తుకుంది. జిప్పు లాగింది. లోపల వేలు పెట్టి యోనాను బయటికి తీసింది.

"ఎవుడు వీడు?"

నాకు మాట్లాడే సాకు దొరికిందే చాలనుకున్నాను. "అదొక కథమ్మా. వాళ్ళ బైబిల్లోది. యోనా అని ఒకాయప్ప. పాపం మంచోడే. పడవలో పోతాంటే కాలు జారి సముద్రంలో పడినాడు. చేప మింగింది..."

"కాలు జారి పడలేదు" అని పరదా పలికింది.

నేను నేల చూపులు చూసినాను. రెడ్డెమ్మ విసురుకోవడం ఆపింది. లోపల ఇంకా కొద్దిసేపు ఆగాలని ఆమె ప్రయత్నం చేసినట్టుంది. కానీ కథ తప్పు పోతాంటే ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

"పారిపోతాన్నాడు" అనింది పరదా వెనక నుంచి, గొంతు తగ్గించి. "దేవుడు ఒక ఊరికి పోయి ఒక మాట చెప్పిరమ్మన్నాడు. చెప్పకుండా పారిపోతాన్నాడు."

రెడ్డెమ్మ పరదా వైపు తిరిగి కూర్చుంది. "యాడికి?"

"తర్షీషుకు."

"అది యాడ ఉండాది?"

"శానా దూరమమ్మా."

"నువ్వు అంత దూరం గూడా పోలేదే" అనింది రెడ్డెమ్మ.

పరదా తొలిగింది. టైలరక్క బయటికి వచ్చి, మూట విప్పి, జాకెట్టు తీసి రెడ్డెమ్మ ఒళ్ళో పెట్టింది. ఎడమచేయి పైకి వచ్చేటట్లు పెట్టింది. "కాలిందమ్మా. నా చేతిలోనే కాలింది. ఇన్ని దినాలూ చెప్పేదానికి ధైర్యం రాలేదు. రూము ఖాళీ చెయ్యమంటే చేస్తా."

రెడ్డెమ్మ ఆ బొక్కలో వేలు పెట్టి చూసింది. వేలికొన అవతల కనిపించింది. "పిల్లోళ్ళకు దేవుని మాటలు చెప్తావంట గదా" అనింది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకునేదానికి అడిగినట్లు అడిగింది.

టైలరక్కకు ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండేది. విశ్వాసమని, ఇంకోటని. ఆ దినం "అవునమ్మా" అని మాత్రం అనింది. ఆమె మొగంలో ఆ అల్లరి లేకుండా నేను చూసింది అప్పుడే. అది లేకపోతే ఆమె ముసలామె మాదిరి కనిపించింది. నాకు భయమేసింది.

రెడ్డెమ్మ లేచి వాకిట్లోకి పోయింది. పోయిందనే అనుకున్నాము. డ్రైవరును పిలిచి, "ఇంటికి పోయి బీరువాలో కుంకుమ రంగు పట్టుచీర తీసుకురాపో. పాప అడిగితే, కొలత చూసేదానికని చెప్పు" అనింది. వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. "చీర లోపలి చెరుగు లంగాలోకి పోయేదే గదా. ఎవురు చూస్తారు? అందులోంచి చేయి తియ్యి. అంచు గూడా కలిసొస్తాది."

"నిశ్చితార్థం చీరమ్మా. కత్తెర పెట్టగూడదేమో."

"చేయి కాలిన జాకెట్టు తొడగొచ్చునా?" అనింది రెడ్డెమ్మ. తర్వాత నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నా పెండ్లప్పుడు మా అమ్మ పట్టుచీర నేను కాల్చినా. దీపం మీద. మడత లోపలికి తిప్పి పెట్టెలో పెట్టేసినా. మా అమ్మకు ఇంతవరకూ తెల్దు."

చీర వచ్చింది. టైలరక్క కత్తెర తీసింది. చెరుగు దాకా తెచ్చి, మళ్ళీ పక్కన పెట్టింది. "రోంతసేపు ఆగు" అని రెడ్డెమ్మ కత్తెర తీసుకుని, చీర చెరుగు పరిచి పట్టుకోమని నాకు చెప్పి, మొదటి కోత తానే పెట్టింది. ఆ కరకర చప్పుడుకు ముగ్గురమూ ఊపిరి బిగబట్టినాము. మిగతాది టైలరక్క కోసింది.

ఆమె మిషను మీద కూర్చుంది. రెడ్డెమ్మకు చేసే పనేమీ లేక, ఇంటికి పోయేదానికి మనసు రాక, సూదీ దారమూ అడిగి తీసుకుని చేపలకు కండ్లు కుట్టసాగింది. నేను టీ తెప్పించినాను. ఆ వీధిలో ఎవరింట్లోనూ ఆమె గ్లాసు పట్టుకోగా ఎవరూ చూసి ఎరగరు. మాట్లాడుతూ మాట్లాడుతూనే తాగేసింది.

"రెడ్డెమ్మా, ఈ చేపకు రెండు కండ్లూ ఒకే పక్కన పెట్టినారు" అనింది టైలరక్క, మిషను ఆపి.

"సముద్రంలో అట్లాంటివి గూడా ఉంటాయిలే. ఇంతకీ చేప కడుపులోంచి బయటపడినాక వాడేం చేసినాడు?"

"పోయి చెప్పినాడు. ఊరంతా మారిపోయింది. దేవుడు ఊరిని క్షమించినాడు. అదే ఈయప్పకు నచ్చలేదు. నేను ఇంత కష్టపడి వస్తే అంత సులభంగా వదిలేస్తావా అని, ఊరి బయట సొరతీగ కింద కూర్చుని అలిగినాడు."

రెడ్డెమ్మ దారం పంటితో తెంపింది. "మా ఇంటాయన మాదిరే" అనింది.

పొద్దు వాలేసరికి కొత్త చేయి అతికింది. ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలియలేదు. రెడ్డెమ్మ జాకెట్టు తీసుకుని, రెండు కండ్లూ ఒకే పక్కనున్న చేపను కూడా సంచిలో వేసుకుంది. పోతూ పోతూ వాకిట్లో నిలబడి, "చీర సంగతి నా కూతురికి గానీ వియ్యపురాలికి గానీ తెలిసిందంటే, ఇద్దరినీ కలిపి ఆ చేపలో పెట్టి జిప్పేస్తా" అనింది.

రూము సంగతి ఆమె ఎత్తలేదు. తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

బైబిలు బడి చివరి దినం ఆదివారం పడింది. పిల్లోళ్ళందరూ చేపలతో ముందు వరుసల్లో కూర్చున్నారు. టైలరక్క పిలిస్తే నేను కూడా వెనక నిలబడి చూసినాను. అయ్యగారు పెద్ద ప్రార్థన మొదలుపెట్టినాడు. కండ్లు మూసుకున్న చర్చిలో ఒక మూల నుంచి జర్రుమని ఒక జిప్పు. ఇంకో మూల నుంచి ఇంకోటి. ఆ తర్వాత జర్రు జర్రుమని చర్చంతా అదే. కొవ్వొత్తి బాగా పనిచేసింది. అయ్యగారు గొంతు పెంచినాడు. జిప్పులు కూడా పెరిగినాయి. ఆయన ఆమేన్ అని కండ్లు తెరిచి నేరుగా టైలరక్క వైపు చూసినాడు.

"యోనా బయటికి రావాలని వాళ్ళు గూడా ప్రార్థన చేస్తాండారు అయ్యగారూ" అనింది ఆమె. అయ్యగారు నవ్వకుండా ఉండేదానికి పాటల పుస్తకం మొగానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రేపుల అలవాటు మానిందా అంటే, మానలేదు. కానీ గుడ్డ పాడైతే మాత్రం ఆ దినమే వాళ్ళ ఇంటికి నడిచిపోయి చెప్పి వచ్చేది. తిట్లు తిని వచ్చి, "ఈ పొద్దు చేప నన్ను శానా దూరం కక్కింది శెట్టెమ్మా" అని నాతో చెప్పి, మళ్ళీ మిషను ఎక్కేది. తర్వాత మేము అంగడి కడపకు మార్చుకున్నాము. పండగలకూ పెండ్లిండ్లకూ పోయినప్పుడు కలిసేది. పోయిన ప్రతిసారీ నన్ను పైనుంచి కిందికి ఒక చూపు చూసి నా కొలత చెప్పేది. అడగకపోయినా చెప్పేది.

ఫోను వచ్చిన మరుసటి దినం నేను జమ్మలమడుగుకు పోయినాను. సమాధుల తోటలో జనం బాగా ఉన్నారు. ఒక పక్కన వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని రెడ్డెమ్మ కూర్చుని ఉంది. చేతికర్ర వచ్చింది, చూపు తగ్గింది. నేను పోయి దగ్గర కూర్చుంటే, గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. అయ్యగారు వాక్యం చదువుతున్నాడు. ఇప్పుడున్నది కొత్త అయ్యగారు.

రెడ్డెమ్మ కూతురు నీళ్ళ సీసా తెచ్చి తల్లికిచ్చి, మా పక్కనే కూర్చుంది. ఆమెకు కూడా ఇప్పుడు నలభై దగ్గరపడింది. సమాధి వైపు చూస్తూ మెల్లగా చెప్పింది నాతో.

"నా నిశ్చితార్థం జాకెట్టు ఈమే కుట్టింది పిన్నీ. ఎంత బాగా కుట్టిందో. లోపల గుడ్డ వదిలింది కాబట్టి ఇప్పటికీ నాకు సరిపోతాది. ఆ చీరతోనే నాకు అర్థం కాదు. ఎట్ల కట్టినా ఒక కుచ్చిలి తక్కువొస్తాది. ఎన్నిసార్లు కట్టి చూసినానో. నేనే లావైనానేమో అనుకుంటా."

రెడ్డెమ్మ మొగం కదలలేదు. "లావైనావులే" అనింది.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. భుజాలు మాత్రం ఆగలేదు. వెనకనున్న ఎవరో ఒకామె, పాపం ఎంత స్నేహమో అనుకుంటూ నా వీపు నిమిరింది. అప్పటికి నేను ఏడుస్తూ కూడా ఉన్నాను.